కొండనాలుకకు మందేస్తే నాలుక ఎందుకు మండింది?

గొంతు తగ్గాక నోటి పూత, కడుపు ఉబ్బరం - చాలామందిలో వారం పది రోజుల బాధే - మందు మధ్యలో మానితేనే పిల్లలకు ముప్పు

నందివెలుగు: కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత తెలియని తెలుగువారు ఉండరు. మేలు చేయబోతే కీడు జరిగిన చోటల్లా ఆ మాట వాడుతుంటాం. అయితే ఆ సామెతను అక్షరాలా అనుభవించేవారు కూడా ఉన్నారు. గొంతు నొప్పికి మందు వాడి, హమ్మయ్య తగ్గిందనుకునే లోపే నాలుక మండి, అన్నం రుచి తెలియక, కడుపు ఉబ్బి అవస్థపడేవారు వారే.

గుంటూరు నగరంలో నందివెలుగు రోడ్డు అంటే తెలియనివారు లేరు. ఆ రోడ్డు వచ్చి చేరే ఊరు తెనాలి మండలంలోని ఈ నందివెలుగు. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల కింద వరి పండే ప్రాంతం. మార్గశిర మాసపు మంచు, కోతల దుమ్ము, కుప్ప నూర్పిళ్ళ పొట్టు కలిసి వచ్చే రోజుల్లో ఇక్కడ గొంతు పట్టేయడం మామూలే. తొలిరోజు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తారు. దుగ్గిరాల యార్డు పక్కనే ఉన్న ప్రాంతం కాబట్టి పసుపుకు కొదవ లేదు, పాలలో పసుపు, మిరియాలు వేసుకుని తాగుతారు. రెండో రోజు జ్వరం తగిలితే మందుల షాపులో నాలుగు రకాల బిళ్ళలు ఒక పొట్లంలో కట్టించుకుంటారు. మూడో రోజుకు సూది. నాలుగో రోజుకు గొంతు తేలికపడుతుంది.

అయిదో రోజు నుంచి వేరే కథ మొదలవుతుంది. నాలుక మీద తెల్లగా పాచి పేరుకుంటుంది. కొందరికి ఎర్రగా పుండులా ఉంటుంది. కారం తగలనివ్వదు. గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగని చోట కారం తినలేని మనిషికి భోజనం శిక్షే అవుతుంది. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండినట్టు ఉంటుంది. పుల్లటి త్రేన్పులు, ఉబ్బరం, కొందరికి పలుచని విరేచనాలు. వేడి చేసిందని ఒకరు, గ్యాసు పట్టిందని ఒకరు, లోపల జ్వరం ఉండిపోయిందని మరొకరు చెబుతారు. ఏ మాట వినాలో తెలియక మనిషి మళ్ళీ షాపుకు వెళ్ళి మరో పొట్లం తెచ్చుకుంటాడు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మూడు వైపుల నుంచి

ఇలా జరగడానికి ముఖ్యంగా మూడు కారణాలు ఉంటాయి. మొదటిది జ్వరమే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మనం తినే అన్నం, నమిలే కూర రాపిడికి నాలుక పైపొర రోజూ అరిగి కొత్తది వస్తుంటుంది. జ్వరంలో తిండి తగ్గుతుంది, నీళ్ళు తగ్గుతాయి, ముక్కు దిబ్బడ వల్ల నోటితో ఊపిరి పీలుస్తాం, లాలాజలం ఎండిపోతుంది. అరగవలసిన పొర అలాగే ఉండిపోయి, దానిలో సూక్ష్మక్రిములు చేరి తెల్లగా, పసుపుగా పాచి కడుతుంది. తిండి మామూలైతే అదీ తగ్గిపోతుంది.

రెండోది యాంటీబయాటిక్ మందు. మన నోటిలో, పేగుల్లో వందల రకాల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. వాటిలో మనకు పనికివచ్చేవే ఎక్కువ. ఆహారం అరగడానికి అవి సాయం చేస్తాయి, చెడు క్రిములకు చోటివ్వకుండా కాపలా కాస్తాయి. గొంతులోని క్రిమిని చంపడానికి వేసుకున్న మందు వీటినీ చంపుతుంది. చేలో కలుపు తీయబోయి పైరునూ పీకినట్టు అవుతుంది. పైరు పోయిన జాగాలో తుంగ మొలిచినట్టు, మంచి క్రిములు పోయిన నోటిలో కాండిడా అనే బూజు జాతి పెరుగుతుంది. అదే తెల్లని నోటి పూత. పేగుల్లో అదే జరిగితే విరేచనాలు పట్టుకుంటాయి. మందు వాడుతున్న రోజుల్లోనే ఇవి రావాలని లేదు. ఆపిన కొన్ని వారాలకు కూడా రావచ్చు.

మూడోది నొప్పి బిళ్ళలు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి గొంతు నొప్పిని తగ్గిస్తాయి గాని, జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడే జిగురును కూడా తగ్గిస్తాయి. జ్వరంలో అన్నం తినబుద్ధి కాక పరగడుపునే వేసుకుంటే కడుపులో మంట పుడుతుంది. పారాసిటమాల్ కడుపు మీద అంత కఠినంగా ఉండదు. పొట్లంలో స్టెరాయిడ్ బిళ్ళ కూడా కలిసి ఉంటే మనిషికి వెంటనే హుషారుగా అనిపిస్తుంది గాని, చక్కెర జబ్బు ఉన్నవారిలో చక్కెర పెరుగుతుంది, నోటి పూతకు దారి సుగమం అవుతుంది. పొట్లంలో ఏయే బిళ్ళలు ఉన్నాయో తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం ఇదే.

నాలుకను అద్దంలో చూసుకుంటే

నాలుక మీద కనిపించే మార్పులన్నీ ఒకటి కావు. పలుచని తెల్ల పాచి జ్వరం పోయాక సహజంగా ఉండేదే. పెరుగు తరకల్లా అక్కడక్కడ అంటుకుని, గుడ్డతో తుడిస్తే కింద ఎర్రగా కనిపించేది కాండిడా పూత. చంటిపిల్లలకు, చక్కెర జబ్బు ఉన్నవారికి, కట్టుడు పళ్ళు పెట్టుకునే పెద్దవారికి, ఉబ్బసానికి స్టెరాయిడ్ మందు పీల్చుకునేవారికి ఇది త్వరగా వస్తుంది. డాక్టరు చూసి పూతమందు రాస్తే కొద్దిరోజుల్లో తగ్గుతుంది. చంటిపిల్లల నోటికి బోరాక్స్ కలిపిన గ్లిజరిన్ రాసే పాత అలవాటు ప్రమాదకరం. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం కూడా తగదు.

నాలుక వెనుక భాగం నల్లగా, వెంట్రుకలు మొలిచినట్టు కనిపిస్తే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అవి వెంట్రుకలు కావు. నాలుక మీది సన్నని మొనలు అరగక పొడుగై, వాటికి రంగు పట్టడం వల్ల అలా కనిపిస్తుంది. యాంటీబయాటిక్స్, చుట్ట, బీడీ, చిక్కని టీ దీనికి కారణాలు. శుభ్రంగా గీసుకుంటూ పొగ మానేస్తే పోతుంది. చూడటానికి భయంకరమే గాని, దీనివల్ల హాని లేదు.

నోరంతా ఇనుము నాకినట్టు, చేదుగా ఉంటే అది తరచుగా విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ వంటి మందుల ప్రభావం. మందు అయిపోతే రుచి తిరిగి వస్తుంది. అలాకాక నాలుక పాలిపోయి, నున్నగా మెరుస్తూ, మంటగా ఉంటే దానిని గొంతు నొప్పి ఖాతాలో వేయరాదు. అది రక్తం తక్కువగా ఉందనడానికి గుర్తు కావచ్చు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 విటమిన్లలో ఏది లోపించినా నాలుక అలా అవుతుంది.

ఇద్దరు సోదరులను పోగొట్టుకున్న తెలుగువాడు

నాలుకకు, కడుపుకు ఉన్న ఈ సంబంధాన్ని స్వయంగా అనుభవించి, దానికి మందు కనుగొన్న బృందానికి నాయకుడైన మహానుభావుడు తెలుగువాడే కావడం గమనించదగ్గ విషయం. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన సోదరులు ఇద్దరిని స్ప్రూ అనే జబ్బు బలి తీసుకుంది. ఆయనకూ ఆ జబ్బే వచ్చింది. ఎడతెగని విరేచనాలు, తిన్నది ఒంటబట్టకపోవడం, రక్తం తగ్గిపోవడం, నాలుక పుండులా ఎర్రబడి మండటం దాని లక్షణాలు. ఆయుర్వేదంలో గ్రహణి అని చెప్పే జబ్బుకు ఇది దగ్గరగా ఉంటుంది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో సుబ్బారావు గారు కోలుకున్నారని ఆయన జీవిత చరిత్ర రాసినవారు చెబుతారు.

మద్రాసులో వైద్యం చదివిన ఆయన 1922లో అమెరికాలోని బోస్టన్ చేరుకున్నారు. హార్వర్డులో చాలా ఏళ్ళు పరిశోధన చేసి 1940లో లెడర్లే ప్రయోగశాలలకు మారారు. అప్పటికే లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో ఏదో ఒక పదార్థం దానిని నయం చేస్తున్నదని 1931లో ప్రకటించి ఉన్నారు. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దానిని ప్రయోగశాలలో తయారు చేయడంలో సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం 1945లో విజయం సాధించింది. స్ప్రూ రోగులకు ఆ మందు ఇస్తే నాలుక మంట తగ్గి, ఆకలి పుట్టి, రక్తం పట్టింది. తన ఇంట చావులు తెచ్చిన జబ్బుకు ఆయన అలా బదులు తీర్చుకున్నారు.

అదే ప్రయోగశాలలో ఆయన పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగానే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుగొన్నారు. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు అమెరికాలోనే కన్నుమూశారు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

స్ప్రూకు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి కొన్ని నెలలపాటు ఇచ్చే చికిత్స ఈనాటికీ అమలులో ఉంది. నాలుకను, కడుపును బాగుచేసే ఆ టెట్రాసైక్లిన్ జాతి మందులే, అవసరం లేనిచోట వాడితే నోటి పూత, విరేచనాలు తెస్తాయి. మందులో మంచీ చెడూ లేవు, వాడే చోటునుబట్టే ఉంటుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

పిల్లల గొంతు: పది రోజుల లెక్క

నాలుక మండిందని పెద్దవాళ్ళు మందు మానేస్తే పోయేది తక్కువే కావచ్చు. పిల్లల విషయంలో అలా కాదు. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. జలుబు, దగ్గు, బొంగురు గొంతు ఉంటే అది సాధారణంగా వైరసే. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అయితే పిల్లలకు వచ్చే గొంతు నొప్పుల్లో నూటికి 20 నుంచి 30 వరకు స్ట్రెప్టోకోకస్ అనే క్రిమి వల్ల వస్తాయి. హఠాత్తుగా జ్వరం, మింగలేనంత నొప్పి, టాన్సిల్స్ మీద తెల్ల మచ్చలు, దవడ కింద నొప్పిపెట్టే గడ్డలు ఉండి, దగ్గు లేకపోతే ఈ క్రిమిని అనుమానించాలి. కొందరికి ఒంటిమీద గరుకుగా ఎర్రని దద్దు వచ్చి, నాలుక మొదట తెల్లబడి, తర్వాత పొర ఊడి స్ట్రాబెర్రీ పండులా ఎర్రగా, బొడిపెలు బొడిపెలుగా మారుతుంది. ఇది మందు వేడి వల్ల వచ్చిందని పొరపడే ప్రమాదం ఉంది. ఇది జబ్బు గుర్తు.

ఈ క్రిమికి పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ నోటి మందుగా ఇస్తే సాధారణంగా 10 రోజులు పూర్తిగా వాడాలి. మూడో రోజుకే గొంతు తగ్గిపోతుంది. నాలుక బాగాలేదని, కడుపులో తిప్పుతున్నదని, పిల్లవాడు ఆడుకుంటున్నాడు కదా అని సీసా పక్కన పెట్టేస్తారు. గొంతులో క్రిమి మిగిలిపోతే రెండు మూడు వారాల తర్వాత కొందరికి కీళ్ళవాత జ్వరం వస్తుంది. 5 నుంచి 15 ఏళ్ళ మధ్య పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. ఇవాళ మోకాలు వాస్తే రేపు చీలమండ వాస్తుంది. కీళ్ళు బాగవుతాయి గాని గుండె కవాటాలు దెబ్బతింటాయి. ఇది కీళ్ళను నాకి గుండెను కరిచే జబ్బని పాతకాలపు వైద్యులు చెప్పేవారు. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున ఏళ్ళ తరబడి పెన్సిలిన్ సూదులు, కొందరికి గుండె ఆపరేషన్ తప్పవు. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల లోపు సరైన మందు మొదలుపెడితే ఈ జ్వరాన్ని నివారించవచ్చు.

కాబట్టి మందు పడకపోతే ఆపేయకుండా, రాసిన డాక్టరు దగ్గరకే తీసుకువెళ్ళి చెప్పాలి. వేరే మందుకు మార్చడానికి వీలుంటుంది. ఒంటిమీద దద్దుర్లు లేచినా, పెదవులు, ముఖం వాచినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆ మందు తక్షణం ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. బడి పిల్లలను పరీక్షించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో కీళ్ళవాతపు గుండె జబ్బు కూడా ఉంది. బడికి వైద్య బృందం వచ్చిన రోజున పిల్లవాడి గొంతు, కీళ్ళ సంగతి ఉపాధ్యాయులకు ముందే చెప్పి ఉంచడం మంచిది.

అట్ట మీద ఎర్ర గీత

యాంటీబయాటిక్ అట్టల మీద నిలువుగా ఎర్రని గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేనిదే ఇది కొనరాదని దాని అర్థం. ఈ గీతను గుర్తుపట్టాలని కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం చేసింది. అంతకుముందే, 2014 మార్చి 1 నుంచి, కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్స్ అమ్మితే షాపువారు రోగి పేరు, డాక్టరు పేరు పుస్తకంలో రాసి మూడేళ్ళు భద్రపరచాలన్న నిబంధన వచ్చింది. విడి బిళ్ళలు పొట్లం కట్టి ఇస్తే ఈ గీత మన కంటికి కనిపించదు. అట్టతోపాటే అడిగి తీసుకోవడం కొనేవారి హక్కు.

ఒక యాంటీబయాటిక్ వల్ల వచ్చిన విరేచనాలకు మరో యాంటీబయాటిక్, దానివల్ల నోరు చేదైతే గ్యాసు బిళ్ళ, నీరసానికి సెలైన్ సీసా, ఇలా సాగిపోతుంటే జేబు ఖాళీ అవుతుందే తప్ప నాలుక బాగుపడదు. నాలుక మంటకు బి-కాంప్లెక్సు గొట్టాలు మింగడం ఊళ్ళలో పరిపాటి. ఆ విటమిన్లు లోపించినవారికే వాటితో గుణం కనిపిస్తుంది. బి-12 తక్కువగా ఉన్నవారు అది తెలియక ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడుకుంటూ పోతే రక్తం పెరిగినట్టు కనిపించినా నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. రక్తపరీక్ష చేయించుకుని వాడటమే క్షేమం.

ఇంట్లో చేయదగినవి

చాలామందిలో ఈ బాధ వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. ఈలోగా గోరువెచ్చని నీళ్ళలో కాస్త ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించాలి. నాలుకను బద్దతో మెత్తగా గీసుకోవాలి. పాచి పోవాలని రక్తం వచ్చేలా గీకితే పుండు పడుతుంది. కారం, పులుపు, మరీ వేడి పదార్థాలు కొన్నాళ్ళు తగ్గించి, మెత్తగా ఉడికిన అన్నంలో పెరుగు, మజ్జిగ, కందికట్టు, ఇడ్లీ, అరటిపండు తీసుకోవచ్చు. పెరుగులోని క్రిములు పేగులకు కొంత మేలు చేస్తాయి. లంఖణం పరమౌషధమని పిల్లలను, ముసలివారిని పస్తులుంచరాదు.

డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్ వంటి మందులను పాలు, పెరుగు, ఇనుము బిళ్ళలు, గ్యాసు మందులతో కలిపి వేసుకుంటే సరిగా ఒంటబట్టవు. వాటికీ వీటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. డాక్సీసైక్లిన్ గొట్టాన్ని గుక్కెడు నీళ్ళతో మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చుని వేసుకోవాలి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఇస్తే పళ్ళకు గార రంగు శాశ్వతంగా పడుతుంది. విరేచనాలు అవుతుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు నీళ్ళలో కలిపి తాగించాలి. ఊరి ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం.ల దగ్గర ఈ పొట్లాలు దొరుకుతాయి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

మింగుడు పడక లాలాజలం కారిపోతున్నా, నోరు తెరవలేకపోతున్నా, ఊపిరి కష్టమైనా అది అత్యవసరం. విరేచనంలో రక్తం, జిగురు పడుతున్నా, తారులా నల్లగా అవుతున్నా, కడుపునొప్పితో జ్వరం తిరగబెట్టినా వెంటనే వెళ్ళాలి. గొంతు తగ్గిన కొన్నాళ్ళకు పిల్లలకు కీళ్ళు వాచినా, ఆయాసం వచ్చినా, ముఖం ఉబ్బి మూత్రం కాఫీ రంగులో పోతున్నా అశ్రద్ధ తగదు. రెండోదానివల్ల మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

నోటి పూత మాటిమాటికీ వస్తుంటే చక్కెర పరీక్ష చేయించుకోవాలి. తెల్ల మచ్చ గాని, పుండు గాని రెండు మూడు వారాలు దాటినా మానకపోతే, అందులోనూ చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ అలవాటు ఉంటే, అది నోటి క్యాన్సరుకు నాంది కావచ్చు. నొప్పి లేదు కదా అని ఊరుకోరాదు. ఆ జబ్బు తొలిరోజుల్లో నొప్పి పెట్టదు. తెనాలి జిల్లా ఆసుపత్రికి, లేదా గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగానికి వెళ్ళి చూపించుకోవచ్చు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు అంతవరకు మింగిన మందుల ఖాళీ అట్టలు, చీటీలు వెంట తీసుకువెళ్ళాలి. ఏ రోజున గొంతు నొప్పి మొదలైంది, ఏ మందు ఎన్ని రోజులు వాడారు, నాలుక ఎప్పటి నుంచి మండుతున్నది అన్న మూడు సంగతులు చెప్పగలిగితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. కొండనాలుకకు వేసిన మందు ఏమిటో తెలిస్తేనే ఉన్న నాలుకను కాపాడుకునే దారి దొరుకుతుంది.